నాలుగో నంబరు

హెడ్‌ఫోన్లు కొనడానికి కళ్ళకు గంతలెందుకో పరబ్రహ్మానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది.

సోమవారం పదకొండు గంటల వేళ, ఫిల్మ్‌నగర్ స్టూడియో రెండో అంతస్తులోని మిక్సింగ్ గదికి యజమాని శ్రీకృష్ణ స్వయంగా వచ్చాడు. ఆయన అలా రావడమే అరుదు. ఏం చెప్పాలన్నా జూబ్లీహిల్స్ ఇంట్లోంచి మెసేజ్ పెడతాడు. వచ్చినవాడు కూర్చోలేదు. తలుపుకు వీపు ఆనించి, ఫోన్ చూసుకుంటూ మాట్లాడాడు.

"డీలర్ ఐదు జతలు పంపాడు బ్రహ్మం గారూ. గురువారం దాకా మన దగ్గరే ఉంటాయి. ఆ రోజు కంపెనీ పేర్ల మీద టేపు వేసి, నంబర్లిచ్చి, మీకూ సుహాస్‌కీ కళ్ళకి గంతలు కడతాం. విడివిడిగా విని ఏది బెస్టో చీటీ మీద రాయండి. డైరెక్టర్ అరవింద్ గారు కూడా వస్తానన్నారు."

"పేర్ల మీద టేపు వేసినంక మళ్ళ గంతలెందుకు సార్?"

"షేపు పట్టుకుని చూసి చెప్పేస్తారు కదా మీరు."

"హెడ్‌ఫోన్లు కొనెటందుకు డైరెక్టర్ ఎందుకు?"

"సరదాకండీ. కరెక్టుగా పట్టుకున్నవాళ్ళకే కొత్త సినిమా ఆరు పాటలూ ఇద్దామన్నారు." శ్రీకృష్ణ నవ్వాడు. "ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారుగా. చూద్దాం."

పక్క కుర్చీలో ఉన్న సుహాస్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఆరేళ్ళుగా పరబ్రహ్మం దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. వినకూడనిది విన్నట్టు అతని చెవుల అంచులు ఎర్రబడ్డాయి.

పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. పోయిన నెల అరవింద్ ఇదే గదిలో కూర్చుని ఒక పాట విని, "అమ్మాయి గొంతులో 'స' అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుందండీ" అన్నాడు. ఆ మిక్సింగ్ పరబ్రహ్మం చేసింది. ఆయన మళ్ళీ మళ్ళీ విన్నాడు, ఆయనకు సూదీ లేదు, దారమూ లేదు. సుహాస్‌ను అడిగితే "నాకేం గుచ్చలేదు సర్" అన్నాడు. పిల్లవాడు తనను వెనకేసుకొచ్చాడని పరబ్రహ్మం లోలోపల పొంగిపోయాడు. కానీ ఆ మాట మేడ దిగి జూబ్లీహిల్స్ దాకా వెళ్ళింది. పెద్దాయన చెవులు పోయాయట అని. ఆ మాటను మొహాన అనడానికి ధైర్యం చాలక, యాభై ఏడేళ్ళ మనిషికి కళ్ళకు గంతలు కట్టి, తిరునాళ్ళలో ఆట ఆడించినట్టు ఆడిస్తారట.

ఓడిపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కింద అంతస్తులో పాత టేపుల గది ఉంది. బూజు పట్టిన టేపుల్ని ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ కూర్చోవాలి. ఇంతకు ముందు ఈ కుర్చీలో ఉన్నాయన అక్కడే రెండేళ్ళు కూర్చుని, ఒక రోజు రావడం మానేశాడు.

*

మంగళవారం పొద్దున పంటి డాక్టర్ దగ్గరికని ఇంట్లో చెప్పి బంజారాహిల్స్‌లో చెవి పరీక్ష చేసే చోటికి వెళ్ళాడు. పరీక్ష చేసే అమ్మాయి పేరు హరిణి. ఆయన్ని గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చింది. కూత వినపడితే నొక్కాలి, అంతే. తలుపు మూయగానే రోడ్డు మీది మోత అంతా మాయమైంది.

మొదట బాగానే నొక్కాడు. కూతలు సన్నబడిన కొద్దీ వాటి మధ్య ఎడం ఆయనకు తెలిసిపోయింది. వినపడకపోయినా ఇప్పుడు రావాలి కదా అని తాళం లెక్కన నొక్కేశాడు. హరిణి మైకులో అంది:

"తాళం వేస్తున్నారా అండీ? నేనసలు ఇవ్వకుండానే నొక్కుతున్నారు."

పరబ్రహ్మం సిగ్గుపడ్డాడు. ముప్పై రెండేళ్ళుగా వినడమే వృత్తిగా బతికినవాడు, వినపడినట్టు నటించి ఒక చిన్నపిల్లకు దొరికిపోయాడు. ఆ తర్వాత వినపడినవే నొక్కాడు. చాలాసేపు బటన్ మీద బొటనవేలు కదలకుండా ఉండిపోయింది.

బయటికి వచ్చాక హరిణి కాగితం చూపించింది. రెండు చెవులకూ రెండు గీతలు. రెండూ సగం దాకా చదునుగా వచ్చి, అక్కణ్ణుంచి దిగి, సన్నటి చప్పుళ్ళుండే నాలుగువేల హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డాయి.

"ఏ ఫ్యాక్టరీలో చేస్తారండీ మీరు?"

"ఫ్యాక్టరీ కాదమ్మా. పాటలల్ల చేస్త."

"ఈ గుంట పెద్ద మోత దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి పడుతుందండీ. ఫ్యాక్టరీల నుంచైతే మనుషుల్ని అప్పుడప్పుడూ పరీక్షకి పంపిస్తారు. మిమ్మల్ని ఎవరూ పంపలేదా?"

"లేదు. పోయింది తిరిగొస్తదా?"

"రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవాలి."

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఆటో కూడా పిలవకుండా ఎండలో నడిచాడు. ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వెనక సోఫాలో కాళ్ళు చాపుకుని "పెంచండి బ్రహ్మం గారూ, ఇంకా పెంచండి" అన్న నిర్మాతలు. హీరో అడుగు పెట్టే చోట గది గోడలు ఊగాలన్న డైరెక్టర్లు. పాటంటే ఏమిటో తెలియకపోయినా, మోత తగ్గిందని కోపగించి వెళ్ళిపోయిన ఒక హీరోగారి బావమరిది. వాళ్ళు వచ్చి పది నిమిషాలు విని చప్పట్లు కొట్టి వెళ్ళేవాళ్ళు, తను పది గంటలు వినేవాడు. చెవులు తీసుకున్నదీ వాళ్ళే, చెవులు లేవని గంతలు కట్టబోతున్నదీ వాళ్ళే. ఏరు దాటాక తెప్ప తగలేయడం చూశాడు గానీ, తెప్పకు పరీక్ష పెట్టి మరీ తగలేయడం ఇప్పుడే చూస్తున్నాడు.

సాయంత్రం రమామణి వంటింట్లో డబ్బాలు దించి చూసుకుంటూ తేవాల్సిన సరుకులు చెబుతోంది. ఆయన జేబులోంచి చిన్న రికార్డర్ తీసి గట్టు మీద పెట్టాడు.

"గదెందుకు?"

"మర్చిపోత గద. చెప్పు."

"సెనగపప్పు, శొంఠి, సజ్జలు, సబ్బులు." ఆగి ఆయన మొహం చూసింది. "చెవుల డాక్టర్ దగ్గరికి పోయిండ్రా?"

పరబ్రహ్మం ఉలిక్కిపడ్డాడు.

"పంటి నొప్పి ఉన్నోళ్ళు పొద్దున జంతికలు తినరు. ఏడాదాయె, ఏది చెప్పినా రెండుసార్లు చెప్పుడే. సన్నగ మాట్లాడితే మీకందుత లేదు."

"మరి చెప్పకపోతివి."

"చెప్తే ఏం జేస్తుంటిరి? పని మానేస్తుంటిరా?" అంటూ డబ్బా మూత గట్టిగా నొక్కింది. "నా తోని నటించుడు మాత్రం బంద్ చేయుండ్రి. ఇనరాకుంటే ఇనరాలేదనుండ్రి."

*

బుధవారం మధ్యాహ్నం సుహాస్ భోజనానికి వెళ్ళాక, పరబ్రహ్మం ఐదు జతల్నీ బల్ల మీద వరసగా పెట్టాడు. కేబుళ్ళూ మిషన్లూ చూసుకునే ఓదెలు అప్పటికే పేర్ల మీద నల్ల టేపు వేసి సుద్దతో నంబర్లు రాశాడు.

ఏది పెద్దగా మోగితే అదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. అందుకని ముందు ఐదింటి మోతనూ ఒక్క కొలతకు తెచ్చాడు. తర్వాత పాట వెయ్యలేదు. వాయిద్యాలు ఎలా ఉన్నా బాగానే ఉంటాయి, వాటితో అబద్ధాలు దాచడం తేలిక. మనిషి గొంతు కావాలి, అదీ బాగా తెలిసిన గొంతు. రమామణి సరుకుల జాబితా వేశాడు.

ఒకటో నంబరు చెవుల్ని అదిమి పట్టుకుంది, లోపల రమామణికి జలుబు చేసింది. రెండో నంబరు డీలర్ గొప్పగా చెప్పిన జత, అందులో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడింది. మూడోదాంట్లో పక్క వాటాలోంచి మాట్లాడింది. ఐదోదాంట్లోనూ అంతే.

నాలుగో నంబరు అన్నింట్లోకీ చవకది. అది పెట్టుకోగానే రమామణి వంటింట్లో గట్టు పక్కన నిలబడి మాట్లాడింది. శొంఠిలో శ, సబ్బులో స, దేనికది తెలిసింది. డబ్బా మూత అంచు గీసుకున్న చప్పుడు కూడా వినపడింది. పరబ్రహ్మం రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. భార్య గొంతు ఇలా ఉంటుందన్నది తను మర్చిపోయాడని అప్పుడు తెలిసింది. కళ్ళు తడిశాయి, ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

తర్వాత అరవింద్ సూది గుచ్చిందన్న పాట తీశాడు. నాలుగో నంబరు పెట్టుకుని వింటే నిజంగానే గుచ్చింది. ప్రతి 'స' దగ్గరా గొంతును కొంచెం కొంచెం తగ్గిస్తూ, మోత కూడా తగ్గించుకుని, రెండు గంటలు పనిచేశాడు. ఓదెలును పిలిచి స్పీకర్లలో వినిపించాడు.

"ఇప్పుడు గుచ్చుత లేదన్నా" అన్నాడు ఓదెలు. బల్ల మీది నాలుగో జతను సరదాగా పెట్టుకుని చూసి వెంటనే లాగేశాడు. "గిదేందన్నా, రేకు మీద మేకుతోని గీసినట్టున్నది. గిది పెట్టుకొని చేసినవా?"

"నా చెవులకు గిదే సరిపోయింది."

ఓదెలు ఇరవై ఏళ్ళుగా ఆ స్టూడియోలో ఉన్నవాడు. చాలాసేపు టేపు చుట్ట వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు.

"రేపు హెడ్‌ఫోన్లు పెట్టేది నేనే. రెండో నంబర్ పెట్టినప్పుడు భుజం మీద జర ఒత్తుతా. అందరు రెండోదే మంచిదంటున్నరు. గదే రాయి. ఫికర్ చేయకు."

పరబ్రహ్మం నాలుగో జతను తీసి మళ్ళీ వరసలో పెట్టాడు. కళ్ళు మసకబారిన కంసాలి జోడు పెట్టుకుని నగ చేస్తాడు. జోడు పెట్టుకున్నాడని అతన్ని కుంపటి దగ్గర నుంచి ఎవరూ లేపరు. తనకు మాత్రం జోడు దొరికిన రోజే, దాన్ని దాచిపెట్టుకోకపోతే కుర్చీ పోతుంది. ఇదెక్కడి న్యాయం అని ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

*

గురువారం అరవింద్ టోపీ పెట్టుకుని, కాఫీ కప్పుతో వచ్చి సోఫాలో కూర్చున్నాడు. శ్రీకృష్ణ ఎవరినో పిలిచి ఫోన్లో వీడియో కూడా తీయించబోయాడు గానీ, పరబ్రహ్మం చూసిన చూపుకు ఆగిపోయాడు.

ముందు సుహాస్ లోపలికి వెళ్ళాడు. పరబ్రహ్మం నడవాలో గోడకు చేరగిలబడి నిలబడ్డాడు. పావుగంటకు సుహాస్ బయటికొచ్చి, ఆయన కళ్ళలోకి చూడకుండా పక్కనుంచి వెళ్ళాడు.

ఓదెలు ఉతికిన తువ్వాలుతో కళ్ళకు గంతలు కట్టాడు. ముడి బిగించకుండా వదులుగా వేశాడు, అది మర్యాద. ఒకే పాట ఐదుసార్లు మోగింది. రెండోసారి ఓదెలు చెయ్యి భుజం మీద పడి గట్టిగా ఒత్తింది. నాలుగోసారి ఆ చెయ్యి అసలు తాకలేదు.

గంతలు విప్పాక పెన్ను చేతిలోకి వచ్చింది. రెండు అని రాస్తే చాలు. పరబ్రహ్మానికి రమామణి మూత నొక్కిన తీరు గుర్తొచ్చింది. బతుకంతా ఎవరికి నచ్చిందీ నచ్చందీ చూడకుండా, వినపడిందే వినపడిందని చెప్పినవాడు ఈ వయసులో ఒక కుర్చీ కోసం చెవుల మీద అబద్ధం చెప్పాలా అని కోపం వచ్చింది. నాలుగు అని రాసి, మడిచి, బల్ల మీదికి తోశాడు.

శ్రీకృష్ణ సుహాస్‌ను లోపలికి పిలిపించి, పరబ్రహ్మం చీటీ ముందు విప్పాడు. విప్పి అరవింద్ వైపు చూశాడు. చేత్తో మూతి తుడుచుకున్నాడు. ఆ చూపు పరబ్రహ్మానికి అర్థమైంది, టేపుల గది తాళంచెవి ఆయన జేబులోనే ఉన్నట్టుంది. తర్వాత సుహాస్ చీటీ విప్పాడు. రెండుసార్లు చదివాడు.

"ఇదీ నాలుగే" అన్నాడు.

అరవింద్ లేచి నాలుగో నంబరు తీసుకుని పెట్టుకున్నాడు. మొహం చిట్లించి తీసేశాడు.

"నాకైతే గుచ్చుతోందండీ. కానీ మా చెవులూ పనిచేసేవాళ్ళ చెవులూ ఒకటి కాదు కదా. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఒక్కటే చెప్పారంటే ఇక మాటేముంది."

"అదేనండీ అనుభవం అంటే" అని శ్రీకృష్ణ అప్పటికప్పుడు మాట మార్చేశాడు. డీలర్‌కు ఫోన్ కలిపాడు. "నాలుగో నంబరేనండీ. ఆరు జతలు పంపండి." ఫోన్ పెట్టి పరబ్రహ్మం చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఆరు పాటలూ మీవే. సుహాస్ మీతో ఉంటాడు. మనసులో ఏం పెట్టుకోకండి బ్రహ్మం గారూ."

కుర్చీ నిలిచింది. అబద్ధం చెప్పకుండానే నిలిచింది. పరబ్రహ్మం నవ్వబోయి, బల్ల మీద విప్పి ఉన్న సుహాస్ చీటీ చూశాడు. వాడు నంబరు ఒక్కటే రాసి ఊరుకోలేదు, నేర్పిన పద్ధతిలో దేని గురించి అది రాశాడు. రెండో నంబరు పక్కన 'గొంతు మీద గుడ్డ కప్పినట్టుంది' అని ఉంది. నాలుగు పక్కన 'మామూలుగా ఉంది' అని ఉంది.

ఓదెలు రేకు మీద మేకు అన్నాడు. అరవింద్ గుచ్చుతోందన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడికి మామూలుగా ఉంది. పోయిన నెల వాడు నాకేం గుచ్చలేదన్నది తనను వెనకేసుకురావడానికి కాదు, నిజంగానే గుచ్చలేదు.

"సుహాస్, ఆ నాలుగో జత నువ్వు పెట్టుకో" అంటున్నాడు అరవింద్ ఉత్సాహంగా. "హీరో ఎంట్రీ ముక్క వెయ్యి. స్పీకర్లు కూడా ఆన్ చెయ్యి. పెంచు. ఇంకా పెంచు."

సుహాస్ పెట్టుకుని, ఆ ముక్క వేసి, మోత పెంచే మీట మీద చెయ్యి వేశాడు. పరబ్రహ్మం వెళ్ళి ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి, మీటను కిందికి దించేశాడు. గది నిశ్శబ్దమైంది.

"పెంచడు" అన్నాడు.

"ఏమైందండీ?" అన్నాడు శ్రీకృష్ణ.

పరబ్రహ్మం జేబులోని కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "నాకు సన్నటి చప్పుళ్ళు ఇనరావు సార్. మంగళవారం పరీక్ష చేయించుకున్న. గందుకే నాకు నాలుగో నంబర్ మంచిగనిపించింది. గీ గుంట మోతతోని పడ్డది. గీ కుర్చీల కూసొని, మీరు పెంచమన్నప్పుడల్ల పెంచితే పడ్డది. పిలగాడు గూడ నాలుగే రాసిండు. గది అనుభవం కాదు సార్. పిలగాని చెవులు గూడ పోతున్నయి."

అరవింద్ కాఫీ కప్పు కింద పెట్టాడు. శ్రీకృష్ణ కాగితం వైపు వంగి చూసి, వేలితో తాకకుండానే నిటారుగా నిలబడ్డాడు.

"ముందు దాన్ని లోపల పెట్టండి. ఇది బయటికి పొక్కితే మన దగ్గర పాట చేయించుకునేవాడు ఉండడు." గొంతు మెత్తగానే ఉంది. "మీరు ఓపెన్‌గా చెప్పారు, సంతోషం. సోమవారం నుంచి కింద టేపుల గది చూసుకోండి. మోత ఉండదు, మీకూ రెస్టు. పాటలు సుహాస్ చేస్తాడు. కుర్రాడు, వాడికేమవుతుంది."

ఇంతసేపూ చెప్పింది గోడకు చెప్పినట్టయింది. ఒప్పుకున్నందుకు తనకు శిక్ష, ఒప్పుకోనందుకు వాడికి బహుమానం, మోత మాత్రం ఎక్కడిదక్కడే. పరబ్రహ్మం కాగితం మడుచుకుని గదిలోంచి బయటికి నడిచాడు.

మెట్ల మలుపు దగ్గర వెనక అడుగులు పడ్డాయి. సుహాస్.

"సర్, ఆ కాగితం ఒకసారి ఇవ్వండి."

ఇచ్చాడు. సుహాస్ కిటికీ వెలుగులో పెట్టుకుని గీత మీద వేలు నడిపాడు. గుంట దగ్గర వేలు ఆగింది.

"ఇలా పడ్డం మీకు ఏ వయసులో మొదలైంది సర్?"

"తెల్వది బిడ్డా. నన్నెవ్వరు పరీక్షకు తోల్కపోలే. నేనూ పోలే."

"నాకూ అలాగే ఉండి ఉంటుందా?"

"ఉంటదేమో. వాళ్ళు మనుషులు కాదురా. పెంచు పెంచుమని పిలగాల్ల చెవులు గూడ తింటున్నరు."

సుహాస్ కాగితం మీంచి తలెత్తాడు. ఆ మొహంలో కోపం ఉంది, అయితే అది పైగది వైపు లేదు.

"వాళ్ళు వచ్చేది నెలకోసారి సర్. రోజూ నా పక్కన కూర్చున్నది మీరు. చేరిన మొదటి వారం నేను తగ్గించి పెట్టుకుంటే, దరువు గుండెకు తగిలేదాకా పెంచు, అప్పుడే పాట పట్టుబడుతుందని నా చెయ్యి పట్టుకుని పెంచింది మీరు."

పరబ్రహ్మం మూడు రోజులుగా కోపం మోస్తున్నాడు. నిర్మాతలూ డైరెక్టర్లూ హీరోగారి బావమరిదీ, ఒక్కొక్కరినీ వరసలో నిలబెట్టి తిట్టుకున్నాడు. ఆ వరసలో తనను నిలబెట్టుకోలేదు. తనకూ అలాగే నేర్పారని, అప్పుడు ఎవరికీ తెలియదని చెప్పొచ్చు. అవన్నీ నిజాలే.

"అవును" అన్నాడు. "నేనే పెంచిన."

సుహాస్ కాగితాన్ని ఆయనకివ్వకుండా చేతిలోనే ఉంచుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టాడు. నాలుగు మెట్లు దిగాక ఆగి, వెనక్కి తిరక్కుండా అడిగాడు:

"ఆ పరీక్ష చేసే చోటు ఎక్కడ సర్?"